కౌన్సెలర్ కావాలనుకునేవారికి కాలేజీ ఎంపిక

ఇంటర్ పాసయ్యారు. ఇంజనీరింగ్ వద్దు, సైకాలజీ చదివి కౌన్సెలర్‌ని అవుతాను అన్నారు. "అది చదివితే ఉద్యోగం ఎవరిస్తారు" అన్న అమ్మను, "ఆ పని మనకెందుకురా" అన్న మేనమామను ఎలాగో ఒప్పించారు. తీరా చూస్తే చేతిలో రెండు కాలేజీలు మిగిలాయి. రెండూ ఒకే యూనివర్సిటీ కింద ఉన్నవే. రెండింటికీ న్యాక్‌లో మంచి గ్రేడే వచ్చింది. ఫీజులో తేడా ఐదారు వేలకు మించదు. ఒకదానికి ఇంటి దగ్గర నుంచి నేరుగా బస్సుంది, ఇంకోదానికి పేరు కాస్త ఎక్కువ. తెలంగాణలో అయితే దోస్త్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఓఏఎండీసీ పోర్టల్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏది ముందు పెట్టాలో తేలక, గడువు చివరి రోజు దాకా ఇల్లంతా తర్జనభర్జన.

ఏ కాలేజీ గొప్పది అని అడిగితే జవాబు దొరకదు. రెండూ ఇంచుమించు సమానం కాబట్టే కదా ఈ సందేహం వచ్చింది! మరో రెండు ప్రశ్నలు వేసుకోండి. కౌన్సెలర్ కావడానికి నేను ఇంకా ఎన్నేళ్ళు చదవాలి? అన్నేళ్ళ చదువులో ఈ మొదటి మూడు నాలుగేళ్ళు నాకు ఏం నేర్పాలి? ఈ రెండూ తేలాక ఆ కాలేజీల మధ్య ఉన్న తేడా కళ్ళకు కనబడటం మొదలవుతుంది.

దారి ఎంత దూరమో ముందు తెలుసుకోండి

సైకాలజీతో బీఏ గానీ బీఎస్సీ గానీ పూర్తిచేసినంత మాత్రాన ఎవరూ కౌన్సెలర్ కారు. ఇది చేదుగా ఉన్నా మొదటే తెలుసుకోవాలి. డిగ్రీ తర్వాత ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ రెండేళ్ళు చదవాలి. కౌన్సెలింగ్ సైకాలజీలోనో, అప్లైడ్ సైకాలజీలోనో పీజీ చేస్తే ఇంకా మంచిది. ఆ రెండేళ్ళలోనే అసలు శిక్షణ మొదలవుతుంది. ఎంఎస్‌డబ్ల్యూ చేసి సైకియాట్రిక్ సోషల్ వర్క్ వైపు వెళ్ళేవారూ ఉన్నారు. టీచర్‌గా పనిచేస్తూ స్కూల్లో పిల్లలకు సలహా ఇచ్చే బాధ్యత తీసుకోవాలనుకునేవారికి ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది.

క్లినికల్ సైకాలజిస్ట్ కావడం వేరు. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులున్నవారికి పరీక్షలు చేసి చికిత్స చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉన్న కోర్సు చదివి అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఈ కౌన్సిల్ 1992 నాటి చట్టంతో ఏర్పడింది. చాలాకాలం ఆ కోర్సంటే రెండేళ్ళ ఎంఫిల్ క్లినికల్ సైకాలజీయే. కొత్త విద్యావిధానంలో ఎంఫిల్‌ను ఎత్తేశారు. క్లినికల్ సైకాలజీలో, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా కొనసాగడానికి యూజీసీ గడువిచ్చింది. దాని స్థానంలో ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెస్తోంది. ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ళ బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్ వాటిలో ఒకటి. మీరు చూస్తున్న రెండు కాలేజీల్లో ఏదైనా "మాది క్లినికల్ సైకాలజీ కోర్సు" అని చెబితే ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని గుర్తింపు జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది మామూలు సైకాలజీ డిగ్రీయే. మామూలు డిగ్రీలో తప్పేమీ లేదు. లేని గుర్తింపు ఉందని నమ్మి చేరడమే నష్టం.

ఇంకో మార్పు కూడా మీ ఎంపికను నేరుగా తాకుతుంది. 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. సైకాలజిస్టులు, ఆరోగ్య రంగంలో పనిచేసే కౌన్సెలర్లు, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఆ చట్టం పరిధిలోకి వచ్చారు. దానికి అనుగుణంగా 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ యూనివర్సిటీలకు స్పష్టం చేసింది. ఇన్నాళ్ళూ మన దగ్గర చాలామంది డిగ్రీ ఏదో ఒకటి చదివి, ఉద్యోగం చేసుకుంటూ, ఎమ్మెస్సీ సైకాలజీ దూరవిద్యలో కట్టి కౌన్సెలింగ్‌లోకి వచ్చారు. ఇకమీదట ఆ దారి లేదు. పీజీ రెండేళ్ళూ క్లాసులో కూర్చుని చదవాల్సిందే. అందుకు సమయం, డబ్బు ఇప్పటి నుంచే దాచుకోవాలి. కాలేజీల పోలికలో ఈ మాటకు ఎంత బరువుందో తర్వాత చెబుతాను.

ఇన్నేళ్ళు చదివితే పని దొరుకుతుందా అని ఇంట్లో అడుగుతారు. అడగడం న్యాయమే. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలని ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లో ఉన్న కార్పొరేట్ జూనియర్ కాలేజీలను, హాస్టళ్ళను, కోచింగ్ సెంటర్లను తలుచుకుంటే ఆ ఆదేశానికి ఎంతమంది మనుషులు కావాలో ఊహించుకోవచ్చు. అమలు ఎంత వేగంగా జరుగుతుందన్నది ప్రభుత్వాల చేతిలో ఉంది. అవసరం ఉందా అన్న ప్రశ్నకు మాత్రం తావు లేదు.

కార్ల్ రోజర్స్ డిగ్రీలో చదివింది చరిత్ర

ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారూ మొదటి ఏడాదిలోనే వినే పేరు కార్ల్ రోజర్స్. ఎదుటి మనిషి చెప్పేది తీర్పు చెప్పకుండా వినడం, అతని స్థానంలో నిలబడి అర్థం చేసుకోవడం, లోపల ఒకటి పైకి ఒకటి లేకుండా ఉండటం కౌన్సెలింగ్‌కు పునాది అని చెప్పిన అమెరికన్ ఆయన. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వ్యవసాయం చదవాలని చేరి, చివరికి 1924లో చరిత్రలో బీఏ తీసుకున్నాడు. మతబోధకుడు కావాలని కొంతకాలం దైవశాస్త్ర కళాశాలలో ఉన్నాడు. ఆ తర్వాతే కొలంబియాలో సైకాలజీ వైపు మళ్ళాడు. 1928 నుంచి పన్నెండేళ్ళు రోచెస్టర్ నగరంలో, ఇళ్ళలో హింసకూ నిర్లక్ష్యానికీ గురైన పిల్లలతో పనిచేశాడు. ఆయన ఆలోచనలు రూపుదిద్దుకున్నది అక్కడే.

రోజర్స్ చేసిన ఇంకో పని మీ కాలేజీ ఎంపికకు బాగా పనికొస్తుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాక ఆయన, ఆయన విద్యార్థులు కౌన్సెలింగ్ సంభాషణలను రికార్డు చేసి మళ్ళీ విన్నారు. ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చారు, ఎక్కడ మాట మధ్యలో తుంచారు, ఎక్కడ మౌనంగా ఉండాల్సింది అని ఒక్కో వాక్యం దగ్గరా ఆగి చర్చించుకున్నారు. 1942లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక కేసు మొత్తం మాటకు మాట అచ్చయింది. కౌన్సెలింగ్ నేర్చుకునే పద్ధతి ఈనాటికీ ఇదే. మాట్లాడాలి, మాట్లాడినదాన్ని అనుభవజ్ఞులు వినాలి, దిద్దాలి, మళ్ళీ మాట్లాడాలి.

కాలేజీ పేరు కన్నా, అందులో ఈ దిద్దుబాటు ఉందా లేదా అన్నదే మీకు ముఖ్యం.

డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి చూడండి

న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది. గ్రంథాలయం, భవనాలు, ఫలితాలు, పరిశోధన అన్నీ కలిపి వేసే లెక్క అది. కామర్స్ డిపార్ట్‌మెంట్ బ్రహ్మాండంగా ఉండి, సైకాలజీకి ఒక్క గెస్ట్ లెక్చరర్ ఉన్న కాలేజీకి కూడా మంచి గ్రేడు రావచ్చు. రెండు గ్రేడులూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. కాలేజీ నడిచే రోజున, పనివేళల్లో సైకాలజీ డిపార్ట్‌మెంట్ దాకా వెళ్ళండి. ఓపెన్ డే నాడు వెళితే అలంకరించిన కాలేజీ కనిపిస్తుంది. మామూలు రోజున వెళితే మీరు మూడేళ్ళు చదవబోయే కాలేజీ కనిపిస్తుంది.

ల్యాబ్ చూపించమని అడగండి. సైకాలజీలో ప్రాక్టికల్స్ ఉంటాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే మిర్రర్ డ్రాయింగ్, రెండు గీతల పొడవును కన్ను తప్పుగా అంచనా వేసే ముల్లర్-లయర్ ప్రయోగం, రావెన్స్ మ్యాట్రిసెస్ వంటి తెలివితేటల పరీక్షలు, వ్యక్తిత్వ ప్రశ్నావళులు. పరికరాలు బీరువాలో కొత్తగా మెరుస్తుంటే ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థం. అంచులు అరిగిపోయి, పెట్టెల మీద స్టిక్కర్లు చిరిగి ఉంటే సంతోషించండి. పోయినేడాది పిల్లల ప్రాక్టికల్ రికార్డులు రెండు మూడు చూడనిస్తారేమో అడగండి. పది రికార్డుల్లో ఒకే పట్టిక, ఒకే అంకెలు, ఒకే ముగింపు ఉంటే అవి సీనియర్ల రికార్డులు చూసి రాసినవి. అక్కడ ప్రయోగం జరగలేదు. ప్రతి రికార్డులోనూ వేరే మనిషి, వేరే అంకెలు, ఎర్ర ఇంకుతో లెక్చరర్ రాసిన రెండు ముక్కలు ఉంటే ఆ కాలేజీకి నా దృష్టిలో చాలా మార్కులు పడతాయి. మనిషిని గమనించి, గమనించింది కల్పన కలపకుండా రాయడం కౌన్సెలర్ జీవితాంతం చేయాల్సిన పని. కాపీ కొట్టిన రికార్డుతో అది మొదటి ఏడాదే పాడవుతుంది.

తర్వాత అధ్యాపకుల సంగతి. ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎందరు రెగ్యులర్, ఎందరు గెస్ట్ ఫ్యాకల్టీ, హెచ్‌ఓడీ ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఏడాదికొకరు మారిపోయే చోట పిల్లవాడిని పేరుతో గుర్తుపెట్టుకుని, "నువ్వు మొదటి ఏడాది కంటే ఇప్పుడు బాగా వింటున్నావు" అని చెప్పేవారు ఉండరు. పీజీకి దరఖాస్తు చేసేటప్పుడు, విదేశాలకు వెళ్ళాలనుకుంటే మరీనూ, మీ గురించి వివరంగా ఉత్తరం రాయగల లెక్చరర్లు ఇద్దరు ముగ్గురు కావాలి. మూడేళ్ళు మిమ్మల్ని చూసినవారే అలాంటి ఉత్తరం రాయగలరు. వాళ్ళలో ఒక్కరైనా పాఠంతో పాటు కౌన్సెలింగ్ పని కూడా చేస్తున్నవారైతే, అంటే వారానికి ఒకరోజు ఆసుపత్రిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో కూర్చునేవారైతే, ఆ డిపార్ట్‌మెంట్ మీద గట్టి నమ్మకం పెట్టుకోవచ్చు.

సైకాలజీలో గత మూడేళ్ళు ఎంతమంది చేరారో కూడా తెలుసుకోండి. చేరేవారు తగ్గిపోతే మేనేజ్‌మెంట్ కోర్సునే ఎత్తేసే ప్రమాదం ఉంది. అలాగని క్లాసులో నూట ఇరవై మంది ఉన్నా మనకు లాభం లేదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే అభ్యాసం అంతమందితో జరగదు. ముప్పై నలభై మంది ఉన్న క్లాసు నాకు నచ్చుతుంది.

ఇక సబ్జెక్టుల కూర్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అక్కడ సైకాలజీ మేజర్‌గా ఉందా, మైనర్‌గా మాత్రమే ఉందా అన్నది పెద్ద తేడా. తెలంగాణలో సైకాలజీ ఎక్కువగా ఇంకో రెండు సబ్జెక్టులతో కలిసి వస్తుంది. కౌన్సెలర్ కాబోయేవారికి సోషియాలజీ గానీ సోషల్ వర్క్ గానీ పక్కన ఉంటే మంచిది. తాగుడు, అప్పు, కట్నం, కులం ఇవన్నీ మనిషి మనసులోకి ఎలా వస్తాయో తెలియకుండా కౌన్సెలింగ్ చేయడం కష్టం. నాలుగో ఏడాది ఆనర్స్ ఆ కాలేజీలోనే ఉందా అన్నది కూడా చూసుకోండి. విదేశీ యూనివర్సిటీలు కొన్ని నాలుగేళ్ళ డిగ్రీయే అడుగుతాయి.

మనుషుల దగ్గరికి పంపుతారా?

పుస్తకంలో చదివిన ఆటిజం వేరు, ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లవాడి పక్కన ఒక ఉదయమంతా కూర్చోవడం వేరు. డిగ్రీలో ఉండగానే కాలేజీ మిమ్మల్ని ఎక్కడెక్కడికి తీసుకెళుతుంది అన్నది నా లెక్కలో రెండో పెద్ద ప్రశ్న. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది. విశాఖపట్నంలో చిన వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చాలా జిల్లాల్లో ప్రత్యేక పాఠశాలలు, వృద్ధాశ్రమాలు, డీ-అడిక్షన్ కేంద్రాలు ఉంటాయి. కాలేజీ వీటిలో దేనితోనైనా రాతపూర్వకమైన ఒప్పందం చేసుకుందా, ఏడాదికి ఎన్ని రోజులు వెళతారు, వెళ్ళినప్పుడు లెక్చరర్ వెంట ఉంటారా, తిరిగొచ్చాక చూసినదాని మీద చర్చ జరుగుతుందా అని అడగండి. బస్సెక్కించి, ఒక పూట తిప్పి, గ్రూప్ ఫొటో దిగి తీసుకొచ్చేస్తే అది విహారయాత్ర అవుతుంది. పదిసార్లు ఒకే చోటికి వెళ్ళి, అదే పిల్లలను పదిసార్లు చూడనిస్తే అది చదువు.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. "మా సెకండియర్ పిల్లలు ఊళ్ళోకి వెళ్ళి కౌన్సెలింగ్ ఇస్తారు" అని ఏ కాలేజీ అయినా గొప్పగా చెబితే కాస్త ఆగి ఆలోచించండి. పందొమ్మిదేళ్ళ విద్యార్థి ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న మనిషికి ఒంటరిగా కౌన్సెలింగ్ ఇవ్వడం ఆ మనిషికీ ప్రమాదమే, ఆ విద్యార్థికీ ప్రమాదమే. డిగ్రీ స్థాయిలో చేయాల్సింది చూడటం, వినడం, తోటి విద్యార్థులతో రోల్ ప్లే చేయడం, అనుభవజ్ఞుల పక్కన కూర్చోవడం. వద్దని అడ్డుకునే లెక్చరర్ ఉన్న కాలేజీయే మంచి కాలేజీ.

మిమ్మల్ని దేనికి సిద్ధం చేయాలో ఒక కొలత కావాలంటే అమెరికా పద్ధతి చూడండి. అక్కడ కాక్రెప్ అనే సంస్థ గుర్తింపు ఉన్న కౌన్సెలింగ్ మాస్టర్స్ కోర్సులో వంద గంటల ప్రాక్టికమ్, దాని తర్వాత ఆరువందల గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ ఆరువందల్లో కనీసం 240 గంటలు నేరుగా మనుషులతో కూర్చోవాలి. అన్నీ పర్యవేక్షణలోనే. మన తెలుగు పిల్లలు కొందరు ఆ కోర్సులకు వెళుతున్నారు. ఇక్కడ డిగ్రీలో ఒక్క కేసు కూడా దగ్గరగా చూడకుండా వెళితే అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే తడబాటు తప్పదు.

తెలుగులో వినడం నేర్పే చోటు

ఈ అంశాన్ని కాలేజీలను పోల్చేటప్పుడు దాదాపు ఎవరూ పట్టించుకోరు. నా మటుకు నాకు దీని మీద గట్టి పట్టింపు ఉంది.

సైకాలజీ ఇంగ్లిష్‌లో చదువుతాం. పుస్తకాలు ఇంగ్లిష్‌వి, ప్రశ్నావళులు ఇంగ్లిష్‌వి, పరీక్ష ఇంగ్లిష్‌లో. రేపు మీ ఎదురుగా వచ్చి కూర్చునే మనిషి మాత్రం తెలుగులో ఏడుస్తాడు. "గుండెల్లో రాయి పెట్టినట్టుంది" అంటుంది ఒకామె. "ఒళ్ళంతా మంటలు, డాక్టర్లు ఏమీ లేదంటున్నారు" అంటుంది మరొకామె. "మా వాడికి గాలి సోకింది" అని కొడుకును తీసుకొస్తాడొక తండ్రి. "నాకేం బాధలేదు సార్, మా ఆవిడ పంపితే వచ్చా" అంటాడు తాగుడు మానలేని మనిషి. వాటిలో ఏది దిగులు, ఏది భయం, ఏది శరీరం ద్వారా పలుకుతున్న దుఃఖం, దేనికి ముందు వైద్యుడి దగ్గరికి పంపాలి అన్నది తెలుగులో విని విని నేర్చుకోవాలి. శ్రీకాకుళం మాట వేరు, కరీంనగర్ మాట వేరు, అనంతపురం మాట వేరు. గౌరవ వాచకాల సంగతి కూడా ఉంది. అరవై ఏళ్ళ పెద్దాయనను ఇరవై నాలుగేళ్ళ కౌన్సెలర్ ఏమని పిలవాలి, కొత్త కోడలు అత్తగారి ముందు చెప్పలేని మాటను ఎలా రప్పించాలి? ఇవి విదేశీ పాఠ్యపుస్తకాల్లో లేవు.

అందుకని రెండు కాలేజీల్లోనూ ఇది తెలుసుకోండి. రోల్ ప్లేలు తెలుగులో చేయిస్తారా? ప్రాజెక్టులకు ఇంటర్వ్యూలు తెలుగులో తీసుకోనిస్తారా? క్యాంపస్‌లో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే కాలేజీ, బయట ఎంత పేరున్నా, తెలుగువాళ్ళకు కౌన్సెలర్ కావాలనుకునే విద్యార్థికి సరిపడదని నేను నమ్ముతాను. ఇంగ్లిష్ తప్పకుండా బాగా రావాలి, పరిశోధనలన్నీ అందులోనే ఉన్నాయి. రెండూ ఉన్న కాలేజీ దొరికితే దానికే మొదటి ఆప్షన్ ఇవ్వండి.

మీ మనసును ఎవరు చూసుకుంటారు?

ఈ రంగానికి వచ్చే పిల్లల్లో చాలామందికి సొంత గాయాలుంటాయి. ఇంట్లో గొడవలు చూసి పెరిగినవారు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవారు, తామే డిప్రెషన్ దాటి వచ్చినవారు. అది లోపం కాదు. అబ్నార్మల్ సైకాలజీ పాఠం చదువుతున్నప్పుడు మాత్రం ఆ గాయాలు రేగుతాయి. అప్పుడు వెళ్ళి మాట్లాడటానికి కాలేజీలో ఒక మనిషి ఉండాలి.

చాలా కాలేజీలు కౌన్సెలింగ్ సెల్ ఉందని బోర్డు పెడతాయి. ఆ సెల్‌లో కూర్చునేది ఎవరని అడగండి. సైకాలజీ లెక్చరరే ఆ పని కూడా చేస్తుంటే, మిగతా డిపార్ట్‌మెంట్ల పిల్లలకు అది పర్వాలేదు. మీకు మాత్రం పనికిరాదు. మీ ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి ముందు మీ ఇంటి గుట్టు ఎలా విప్పుతారు? పాఠం చెప్పే బాధ్యత ఒకరిది, విద్యార్థుల కౌన్సెలర్ బాధ్యత ఇంకొకరిది అని వేరుచేసి పెట్టిన కాలేజీకి ఈ వృత్తి నీతి అర్థమైంది. సమానంగా కనిపించే రెండు కాలేజీల మధ్య ఈ ఒక్క విషయం చాలు, తూకం ఒకవైపు మొగ్గడానికి. అలాంటి కౌన్సెలర్ లేని కాలేజీలో చేరాల్సి వచ్చినా, 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ తెలుగులో ఉచితంగా అందుతుందని గుర్తుంచుకోండి.

డబ్బు, దూరం

ఇక్కడ సూటిగా లెక్క వేద్దాం. రోజుకు రానుపోను మూడు గంటల ప్రయాణం ఉందనుకోండి. ఏడాదికి రెండువందల పనిదినాలైతే ఆరువందల గంటలు. అమెరికాలో కౌన్సెలర్ ఇంటర్న్‌షిప్‌కు అడిగే గంటలన్నీ ప్రతి ఏడాదీ బస్సులో గడిచిపోతాయన్నమాట. అదే సమయంలో శనివారాలు ఒక ప్రత్యేక పాఠశాలలో వాలంటీర్‌గా పనిచేయొచ్చు, పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకోవచ్చు, నిద్రపోవచ్చు. కొంచెం పేరు తక్కువైనా అరగంటలో చేరుకునే కాలేజీకి ఇది పెద్ద బలం. హాస్టల్ పెట్టాల్సి వస్తే ఆ ఖర్చును ఫీజుతో కలిపి చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి చేరుతుంటే, డబ్బు ఆలస్యమైనప్పుడు ఆ కాలేజీ విద్యార్థిని హాల్ టికెట్ కోసం వేధిస్తుందా లేదా అన్నది సీనియర్లను అడిగితేనే తెలుస్తుంది.

దూరవిద్య దారి లేదని ముందు చెప్పాను. డిగ్రీ కోసం అప్పు చేసి, పీజీ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసే కుటుంబాలకు అది మామూలు సమస్య కాదు. సైకాలజీ డిగ్రీతో ఆగిపోయినవారికి ఈ రంగంలో దొరికే పనులు తక్కువ. ఐదేళ్ళ ఖర్చు ఒకేసారి కాగితం మీద వేసుకోండి. రెండు కాలేజీల్లో చవకైనదాన్ని ఎంచుకుని, మిగిలిన డబ్బును ఆంధ్రా యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో, శ్రీవేంకటేశ్వరలోనో, బయటి నగరంలోనో చదవబోయే పీజీకి దాచిపెట్టడం తెలివైన పని. అసలు ఆ రెండు కాలేజీలకే పరిమితం కావాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ హెల్త్ సైకాలజీ ఉంది. అలాంటిది దొరికితే పీజీ సీటు కోసం మళ్ళీ పరుగెత్తే పని తప్పుతుంది.

ఇన్నీ చూసినా సమానంగానే ఉంటే

ఉండొచ్చు. అప్పుడు ఇంటికి దగ్గరగా ఉన్నదాన్ని, ఖర్చు తక్కువైనదాన్ని ముందు పెట్టండి. రెండో ఆలోచన అక్కర్లేదు. స్నేహితురాలు చేరుతోందని ఒకదాన్ని, యూనిఫాం బాగుందని ఇంకోదాన్ని ఎంచుకోవద్దు. బంధువుల్లో ఎవరో "ఆ కాలేజీ అంటే పేరే వేరు" అన్నారని మనసు మార్చుకోవద్దు. ఆ మాట అన్నవారు బహుశా అక్కడి సైకాలజీ డిపార్ట్‌మెంట్ గుమ్మం ఎక్కి ఉండరు.

చేరాక పొరపాటైందనిపిస్తే దారులు మూసుకుపోవు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఫీజు వాపసు ఎంత వస్తుందన్నది ఎంత త్వరగా మానుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నిర్ణయం మార్చుకునేదైతే మొదటి రెండు వారాల్లోనే రాతపూర్వకంగా చెప్పండి, రసీదు తీసుకోండి.

ఈ వారం చేయాల్సింది ఇదీ. రెండు కాలేజీలకూ మామూలు పనిదినాన వెళ్ళండి. ల్యాబ్, రికార్డులు చూడండి, హెచ్‌ఓడీతో పది నిమిషాలు మాట్లాడండి. సాయంత్రం కాలేజీ వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, సైకాలజీ ఫైనలియర్ చదువుతున్న ఇద్దరిని ఆపి అడగండి: "మళ్ళీ మొదటి నుంచి చేరాల్సి వస్తే ఇక్కడే చేరతారా?" అమ్మానాన్నల్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి, వాళ్ళు కూడా ఆ జవాబు వినాలి. వెబ్ ఆప్షన్ల గడువు చివరి రోజు దాకా ఆగకుండా, ఆ రాత్రే పెట్టేయండి.